దాచే చీరకు గంజి వద్దు

ఈ పొద్దున నంద్యాలలో మా లక్ష్మి ఇంట్లో నా ఇనుప పెట్టె తెరిచాను. అడుగున పరిచిన పాత పేపరు చెమ్మ వాసన కొట్టింది. పేపరు ఎత్తగానే గోరంత పొడవున్న వెండిరంగు పురుగు ఒకటి చేపపిల్లలా ఒళ్ళు తిప్పుకుంటూ మూలకు జారిపోయింది. తల వైపు వెడల్పు, తోక వైపు సన్నం, వెనక మూడు వెంట్రుకలు. "మందు కొడదాంలేమ్మా" అంది నా కూతురు. మందు సంగతి తర్వాత. ఆ పురుగును చూస్తే నాకు రాజమ్మ టీచర్ గుర్తొస్తుంది. పురుగును చూసి మనిషిని తలుచుకోవడమేమిటని మీరు అనుకోవచ్చు. ఆ పురుగే లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలు రాయగలిగేదాన్ని కాదు.

అప్పుడు మేము ఆళ్ళగడ్డలో ఉండేవాళ్ళం. నాది బట్టలు ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే పని. నేను మడత పెట్టిన చీర అట్టలా నిలబడేది. వీధిలో నా గంజికి పేరుండేది, ఆ పేరుతో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. రాజమ్మ టీచర్ మా పక్క గదిలో అద్దెకుండేది. ఒంటి మనిషి. బడిపిల్లలు ఆమెకు భయపడేవాళ్ళు. నేను భయపడలేదు. నాకు అక్షరాలు రావు కాబట్టి నన్ను అడగడానికి ఆమె దగ్గర ప్రశ్నలు లేవనుకున్నాను.

ఒకరోజు వీధి మొదట్లో బట్టల అంగడి సెట్టెమ్మ పిలిపించింది. మంచం మీద నాలుగు నూలు చీరలు పరిచి ఉన్నాయి. నాలుగింటికీ చిల్లులు.

"సూడుమే. ఆర్నెల్లు కట్టకుండా దాచిన చీరలు. ఇస్తిరి పెట్టెతో కాల్చి, మడతలో కప్పెట్టి ఇచ్చినావు."

"నేను కాల్చలేదు సెట్టెమ్మా."

"మరి బొక్కలు యాడ నుంచి వచ్చినాయి, మిద్దె మీద నుంచి రాలినాయా? రేపట్నుంచి మా ఇంటికి రావద్దు."

ఆ ఇల్లు మానేస్తే వీధి మొత్తం మానేస్తుంది. చీరలు కాల్చే మనిషి అని పేరు పడ్డాక ఎవరిస్తారు? నా ఇద్దరు పిల్లల అన్నం ఆ వీధిలోనే ఉంది. ఆమె నా మీదికి విసిరిన చీరలు భుజాన వేసుకుని వచ్చి మా గడపలో కూర్చున్నాను. బడి నుంచి వస్తున్న టీచర్ చూసింది.

"ఏడ్సేది తర్వాత. ఆ చీర ఇట్లియ్యి."

చీరను వెలుతురుకు పట్టి, చిల్లు చుట్టూ వేలు తిప్పింది. "కాలింటే అంచు నల్లగా గట్టిగా ఉంటాది. ఇది గీరి గీరి పల్చగ చేసి తిన్నట్టుండాది. ఈ పసుప్పచ్చ మరకలు సూడు. ఈ మిరియాల పొడి మాదిరి ఉండేది పురుగు పెంటిక. మా బడి బీరువాలో అట్టలన్నీ ఇదే తినింది. పా, ఆయమ్మ ఇంటికి."

సెట్టెమ్మ అల్మారా స్నానాలగది గోడకు ఆనుకుని ఉంది. అరల్లో పేపర్లు పరిచి, కదలకుండా మైదా బంకతో అంటించారు. "కలరా ఉండలు ఏసినా గదా టీచరమ్మా" అంది సెట్టెమ్మ. "ఉండలు ఏసినావు, గోడ చెమ్మ అట్లే ఉండాది" అని టీచర్ ఒక గాజు సీసా అడిగింది. బయట గుడ్డ చుట్టి, లోపల చిటికెడు మైదా వేసి, అల్మారా మూలలో నిలబెట్టింది. "గుడ్డ పట్టుకోని ఎక్కుతాయి, లోపల పడతాయి. గాజు నున్నగా ఉంటాది గదా, మళ్ళా ఎక్కలేవు. పొద్దున సూద్దాం. అంతదాకా ఈమెను ఒక్క మాట అనొద్దు."

పొద్దున సీసాలో ఏడు పురుగులు వెండి తునకల్లా కొట్టుకుంటున్నాయి. సెట్టెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇంటికి తిరిగి వస్తుంటే టీచర్ ఆగి అడిగింది.

"ఆ చీరలకు అంత గంజి ఎవరు పెట్టినారు?"

"నేనే. ఈ వీధిలో ఇంకెవరు పెడతారట్లా?"

"కట్టుకునేదానికి పెట్టు. దాచేదానికి యాల పెట్టినావు? గంజి ఆ పురుగు తిండే. నువ్వే వడ్డించినావు. పోయి ఆయమ్మకు చెప్పు."

అప్పుడే నిర్దోషినని తేలి వస్తున్నదాన్ని. మళ్ళీ పోయి తప్పు నాదీ ఉందని చెప్పాలా? నాకు కోపం వచ్చింది. నడిరోడ్డు మీద ఆమెను నాలుగు మాటలన్నాను. ఆమె అక్కడి నుంచి కదలలేదు. చివరికి నేనే వెనక్కి పోయి చెప్పాను. సెట్టెమ్మ "చెప్పకుంటే నాకేం తెలుస్తాదిమే" అంది. మూలనున్న మాసిన బట్టల మూట నా వైపు జరిపింది. ఆ వారం ఆమె పేపర్లు పీకేసి, గోడ పగుళ్ళు సిమెంటుతో మూయించి, అరలు ఎండబెట్టించింది. చీరలన్నీ ఉతికి, గంజి లేకుండా నేనే మడత పెట్టాను.

ఇంక చిక్కంతా గుర్తు దగ్గర వచ్చింది. పదిళ్ళ మూటల్లో ఏది కట్టుకునేది, ఏది దాచేది? "చీటీ రాసి గుచ్చు" అంది టీచర్. రాయడం రాదన్నాను. "బొగ్గు ఉంది గదా" అని నా ఇస్త్రీ పెట్టెలో చల్లారిన బొగ్గు తీసి, నాపబండ మీద రాసి చూపించింది. నలభై దాటినాక నేను నేర్చిన మొదటి మాట "గంజి", రెండోది "దాచేది". సాయంత్రాలు బండ నిండా రాసి, కడిగి, మళ్ళీ రాసేదాన్ని. "అక్షరాలకు గూడా గంజి పెట్టినావే, బిగుసుకోనుండాయి" అని నవ్వేది.

టీచర్ రిటైరై చాగలమర్రిలో తమ్ముడి ఇంటికి పోయింది. ఆమె చనిపోయాక ఆ తమ్ముడి భార్య నాకొక తెల్ల నూలు చీర ఇచ్చింది. దానికి చీటీ గుచ్చి ఉంది. టీచర్ చేతిరాతే. "నారాయణమ్మకు. ఇది దాచేది కాదు. గంజి పెట్టి కట్టుకో." నేను కట్టుకోలేదు. ఉతికి, గంజి లేకుండా పెట్టెలో దాచాను. బతికున్నప్పుడు ప్రతి మాటా విన్నదాన్ని, ఈ ఒక్కటి వినలేదు.

ఈ పొద్దున చూస్తే పురుగు చీటీ అంచు గీరేసింది. నా పేరు సగం పోయింది, కింది మాటలు మిగిలాయి. చీరకు ఒక్క చిల్లూ లేదు. పెట్టె ఖాళీ చేసి ఎండలో పెట్టాను. ఇప్పటికీ ఎక్కడ చిల్లు కనబడినా ముందు దాని అంచు చూస్తాను. తర్వాత నా చెయ్యి చూసుకుంటాను.

వంటింట్లోకి పోయి, "ఈ పొద్దు కుక్కర్ వద్దు, అన్నం వార్చు. గంజి పారబోయొద్దు" అన్నాను.

"ఇప్పుడు గంజి యాలమ్మా?" అంది లక్ష్మి.

"చీర కట్టుకోవాల."