ఛత్రినాకలో మాట లేని అలాయ్ బలాయ్

పాతబస్తీలో కోర్టు మెట్లెక్కకుండానే తగవులు తెగుతాయని, దెబ్బ తిన్నవాణ్ణి, కొట్టినవాణ్ణి ఎదురెదురుగా కూర్చోబెట్టి పెద్దలు రాజీ చేస్తారని డెబ్బైల చివర్లో విన్నాను. అప్పటికి కోర్టు వార్తలు రాసి రాసి విసుగెత్తింది. ఛత్రినాకలో ఒక ఆదివారం అలాంటి రాజీ ఉందని తెలిసి బయలుదేరాను. బోనాల ఊరేగింపులో జరిగిన గొడవలో అక్కడి టైలర్ నర్సింహకు ఎడమ కన్ను పోయింది. గోలీసోడా సీసా విసిరింది బట్టల వ్యాపారి కొడుకు విఠల్ అని, తాను చూశానని నర్సింహ చెప్పాడు. అంత మందిలో ఎవరు విసిరారో ఎవరికి తెలుసని వ్యాపారి మనుషులు అన్నారు. గల్లీలో సగం మంది నర్సింహనే అబద్ధాలకోరన్నారు.

సికింద్రాబాద్‌లో ఎనిమిదింటికి ఎక్కిన బస్సు తొమ్మిది దాటాక చార్మినార్ దగ్గర దించింది. అక్కడి నుంచి శాలిబండ, లాల్‌దర్వాజా మీదుగా నడిచి వెళ్లొచ్చు. ఎండ ముదరడంతో రూపాయిన్నరకు రిక్షా మాట్లాడుకున్నాను. శాలిబండ ఎత్తు రాగానే రిక్షా అతను దిగి లాగాడు. నేనూ దిగి నడిచాను.

"రాజీకా సార్? పొండ్రి, మంచి చాయ్ దొరుకుతది," అన్నాడు.

"మరి న్యాయం?"

"గది కూడ కావాల్నా? పొద్దుగాల్నే మస్తు ఆకలి మీదున్నరు సార్!"

పదింటికని చెప్పిన రాజీ పదకొండున్నరకు మొదలైంది. బస్తీ హాలు వరండాలో జంపఖానా పరిచారు. ఈ రాజీలకు ఒక పద్ధతి ఉంది. కొట్టినవాడు నోరు విప్పడు, అతని తరఫున పెద్దలే మాట్లాడతారు. చివర ఇద్దరూ దసరా నాటిలాగే కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

విఠల్ తల వంచుకుని కూర్చున్నాడు. బస్తీ పెద్ద మల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"పోరడు తప్పు తెల్సుకున్నడు నర్సింహా. ఇగ ఇడిసిపెట్టు."

"ఏం తప్పు బాపు? ఆని నోటితోని చెప్పమను. 'నేనే ఇసిరిన' అని ఒక్క మాట. నాకు ఇంకేమొద్దు."

"గట్ల అంటే కేసు మెడకు సుట్టుకుంటది."

"నేను అబద్దం చెప్తున్ననని గల్లీల అంటున్నరు. గది నా మెడకు సుట్టుకోలేదా?"

విఠల్ తండ్రి అందుకున్నాడు. "ఏదో అయిపాయె భాయ్. ఇంక లొల్లి ఎందుకు?"

"మీరు కాదు సేటు. ఆడు."

విఠల్ పెదవులు కదిలాయి. తండ్రి అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. పెదవులు మూసుకున్నాయి.

మల్లయ్య ఇద్దర్నీ లేపి విఠల్‌ను ముందుకు తోశాడు. అతను ఎడమ పక్క నుంచి, కన్ను లేని వైపు నుంచి వచ్చి చేతులు వేశాడు. నర్సింహ అదిరిపడి ముఖానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇటుదిక్కు నుంచి రాకు," అన్నాడు మెల్లగా. "ఎదురుంగ రా."

ఒప్పుకున్నాడనుకుని అందరూ నవ్వారు. విఠల్ ఎదురుగా వచ్చి మళ్లీ కౌగిలించుకున్నాడు. నర్సింహ చేతులు కిందికే వేలాడాయి. చప్పట్లు కొట్టి ఇద్దరి మెడల్లో దండలు వేశారు.

"పేపర్ల రాయిండ్రి సార్, మా బస్తీకి కోర్టు అక్కర్లేదని," అంటూ మల్లయ్య నా చేతికి చాయ్ ఇచ్చాడు.

నేను నర్సింహతో కలిసి అతని గల్లీ దాకా నడిచాను. పాన్‌డబ్బా అతను మెడలో దండ చూసి పిలిచాడు. "ఏంది నర్సింహన్నా, అలాయ్ బలాయ్ తీసుకున్నవట? అంటే ఆడు ఇసర్లేదన్నట్టే కద!"

నర్సింహ దుకాణం తలుపు తీసి మిషన్ ముందు కూర్చున్నాడు.

మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే నిజం దానంతట అదే బయటికొస్తుందని అనుకునేవాణ్ణి. ఆ రోజు వరండాలో నిజం ఇద్దరికి తెలుసు. ఒకణ్ణి మాట్లాడనివ్వలేదు, రెండోవాడు చెప్పింది ఎవరికీ అక్కర్లేకపోయింది. దాన్నే శాంతి అన్నారు. ఇలాంటి సమావేశం చూడటానికి వెళ్లేవారికి ఒక్క సూచన: చాయ్ తాగి అక్కడి నుంచే వెనక్కి తిరగకండి. దెబ్బ తిన్న మనిషి వెంట అతని గల్లీ దాకా నడవండి.