మేనమామ రాలేదా అని అడిగాను

ఇది జరిగి పదకొండేళ్లవుతోంది. జూన్ మొదటి వారం, మంగళవారం. అప్పటికి నేను నాందేడ్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌ని. వార్డుల్లో పదహారేళ్లు చాకిరీ చేశాక ఇచ్చిన పోస్టు అది.

బయటివాళ్లకు థియేటర్ అంటే సర్జన్ ఒక్కడే గుర్తుకొస్తాడు. ఆయన కత్తి పట్టేముందు జరగాల్సినవన్నీ మా పని. ఆ రోజు లిస్టు రాయడం, పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టించడం, గాజుగుడ్డ ముక్కలు లెక్కపెట్టడం, రోగి పేరు చేతి పట్టీతో సరిచూడడం, అన్నిటికంటే ముందు సమ్మతి పత్రం మీద సంతకం ఉందో లేదో చూడడం. సంతకం లేని మనిషిని నేను తలుపు దాటనిచ్చేదాన్ని కాదు. ఒకసారి ట్రస్టీగారి బావమరిదినే వెనక్కి పంపాను. వెనకాల నన్ను 'హవల్దార్ బాయి' అనేవాళ్లు. ఆ పేరు నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది.

మాది తెలుగిల్లు. మా తాత ధర్మాబాద్ నుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టాడు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ హిందీ, కాగితం మీద మరాఠీ. మూడూ నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్లం ఈ ఊళ్లో చాలామందిమి ఉన్నాం. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన రోగులతో తెలుగులో మాట్లాడాల్సి వస్తే డాక్టర్లు నన్నే పిలిచేవారు.

ఎండాకాలం సెలవుల్లో మా లిస్టులో సున్తీలు ఎక్కువగా ఉండేవి. కొందరు పిల్లలకు చర్మం బిగిసి మూత్రం సరిగా రాక చేసేవారు, ఎక్కువమందికి మతాచారంగా చేయించేవారు. ఇంట్లో మంగలి చేత చేయించే రోజులు పోయి, శుభ్రంగా జరగాలని ఆసుపత్రికి తేవడం అప్పటికే అలవాటైంది. పసికందుగా ఉన్నప్పుడే చేయిస్తే త్వరగా మానుతుందని డాక్టర్లు కూడా చెప్పేవారు. కారణం ఏదైనా మా దగ్గర సమ్మతి పత్రం ఒక్కటే. పైన సంరక్షకుడి పేరు, బిడ్డతో సంబంధం, సంతకం. కింద నాలుగు ప్రశ్నలు. మందులు పడకపోవడం ఉందా, జ్వరం ఉందా, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, కుటుంబంలో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా. సంతకం పెట్టేవాళ్లే జవాబు చెప్పాలి. తండ్రి ఉంటే తండ్రే సంతకం పెడతాడు. అలా అని ఏ కాగితంలోనూ రాసి లేదు, కానీ ఇన్నేళ్లలో తండ్రి పక్కనుండగా తల్లి ముందుకు కలం జరిపిన గుర్తు నాకు లేదు.

ఆ రోజు లిస్టులో ఏడో పేరు అయాన్. నాలుగు నెలల పిల్లాడు. తండ్రి రఫీక్ కరెంటు మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పనిచేస్తాడు. మర్యాదస్తుడు. నాలుగు ప్రశ్నలూ ఓపిగ్గా విని, నాలుగింటికీ లేదని చెప్పి సంతకం పెట్టాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసిన కుటుంబంలో ఆ జబ్బు నిజంగానే లేదు. అంతకుముందు రోజే పిల్లాడి మడమ గుచ్చి రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూసే చిన్న పరీక్ష కూడా చేశారు. రిపోర్టు బాగానే ఉంది.

పిల్లాడిని తీసుకోవడానికి తలుపు దగ్గరికి వెళ్లాను. తల్లి రజియా ఎత్తుకుని ఉంది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పిల్లాడికి ఆకుపచ్చ టోపీ, కొత్త చొక్కా. పక్కన అత్తగారు. రజియాది బోధన్ దగ్గర పల్లె, ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల కుటుంబం. నా తెలుగు వినగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. ఆ ఇళ్లలో ఈ వేడుకకు బట్టలు తల్లిగారింటి నుంచి వస్తాయని, చాలాసార్లు మేనమామే స్వయంగా తెచ్చి పిల్లాడిని ఎత్తుకుంటాడని నాకు తెలుసు. అంతకుముందు వెళ్లిన ఇద్దరు పిల్లల్ని మేనమామలే తెచ్చి నా చేతికిచ్చారు. అందుకే పరాచికంగా అడిగాను.

"ఏంది బిడ్డా, మేనమామ రాలేదా? ఎగ్గొట్టిండా?"

ఆమె నవ్వలేదు. "లేడు సిస్టరమ్మా. గదే మీకు చెప్దామని జూస్తున్న. మా తమ్ముడు ఒడుగులప్పుడే..."

ఒడుగులంటే సున్తీకి వాళ్లు తెలుగులో అనే మాట. అత్తగారు వెంటనే అందుకుంది, శుభమా అని వచ్చినప్పుడు ఆ మాటలెందుకని దక్కనీలో కసిరింది. లోపలి నుంచి సర్జన్ నా పేరు పెట్టి పిలిచాడు. రజియా పిల్లాడిని ఇంకా వదల్లేదు. "జర ఆగున్రి సిస్టరమ్మా, ఒక్క మాట" అంది.

"ఏం గాదు బిడ్డా. పొద్దుగాల్నుంచి ఇది ఏడోది. గోరంత దానికి కొండంత చేస్తవేంది? పోయి కూసో" అన్నాను. పిల్లాడిని తీసుకుని తలుపు వేశాను.

ఆ పిల్ల భయపడుతోందనుకున్నాను. తల్లులందరూ భయపడతారు, వాళ్లని కసిరి కూర్చోబెట్టడమే దయ అని నాకు నేను నేర్పుకున్నాను.

పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. సర్జన్ చేతిలో ఏ లోపమూ లేదు, నా కళ్లతో చూశాను. కొంచెం ఎక్కువగా రక్తం ఊరితే ఇంకో కుట్టు వేసి, గట్టిగా కట్టు కట్టారు. సాయంత్రం ఇంటికి పంపాం. గుడ్డ మీద చిన్న మరక కనబడితే గాబరా పడొద్దని చెప్పింది కూడా నేనే. ఆ మాట వాళ్లు నమ్మారు. మరకను చూసి గాబరా పడకుండా గుడ్డలు మారుస్తూ ఉన్నారు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి రఫీక్ పిల్లాడిని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. పిల్లాడి ముఖం సున్నంలా పాలిపోయి ఉంది. వెంటనే పెద్ద సర్కారీ దవాఖానకు పంపాం. అక్కడ రక్తం, ప్లాస్మా ఎక్కించారు. తల్లిని కూర్చోబెట్టి అడిగింది అక్కడి చిన్న డాక్టరమ్మ. అప్పుడు రజియా మొత్తం చెప్పింది. ఆమె తమ్ముడికి అయిదో ఏట సున్తీ చేస్తే రక్తం ఆగక మూడోరోజు చనిపోయాడు. ఆమె తల్లి అన్నదమ్ముల్లో ఒకరు పన్ను ఊడితే అలాగే పోయారు. పిల్లాడిది హీమోఫీలియా. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థం పుట్టుకతోనే లేకపోవడం. ఈ జబ్బును తల్లి మోస్తుంది, కొడుక్కి వస్తుంది. తండ్రి వంశమంతా వెతికినా దాని జాడ దొరకదు. మేము చేసిన మడమ పరీక్ష దాన్ని పట్టుకోలేదని కూడా ఆ రోజే తెలిసింది.

గురువారం మధ్యాహ్నం అయాన్ పోయాడు.

అనుకోని మరణంగా పోలీసులు నమోదు చేశారు. బయటి డాక్టర్లు ముగ్గురితో విచారణ వేశారు. సర్జన్ దగ్గర, నా దగ్గర, తండ్రి దగ్గర వాంగ్మూలాలు తీసుకున్నారు. సంతకం పెట్టింది తండ్రి కాబట్టి ఆయన్నే పిలిచారు. రజియాను పిలవలేదు. నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, రక్తస్రావం జబ్బు గురించి ముందుగా ఎవరైనా తెలియజేశారా అని. నేను మరాఠీలో రాసిచ్చిన జవాబు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తుంది. "సమ్మతి పత్రంపై సంతకం చేసిన సంరక్షకుడు ఏమీ తెలియజేయలేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జన్మలో అంతకంటే పెద్ద అబద్ధం రాయలేదు. నన్నెవరూ అలా రాయమనలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. సమ్మతి చెల్లుతుందని, పరీక్ష జరిగిందని, నిర్లక్ష్యం లేదని రాసి ఫైలు మూసేశారు.

రెండేళ్ల తర్వాత రజియా మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకో కొడుకు, ఆరు నెలలవాడు. పుట్టగానే సర్కారీ దవాఖానలో పరీక్ష చేయించారు, వాడికీ ఆ జబ్బుంది. దెబ్బ తగిలితే ఇచ్చే సూదిమందు అక్కడే దొరుకుతుంది. సున్తీ చేయించలేదు. అత్తగారే మౌలానాను అడిగి వచ్చిందట. ప్రాణానికి ముప్పున్న చోట బలవంతం లేదని ఆయన చెప్పాడట. మా ఆసుపత్రికి పిల్లాడి చెవి నొప్పికి వచ్చి, నన్ను చూడ్డానికి థియేటర్ దాకా వచ్చింది. బల్ల మీద నా పక్కన కూర్చుంది.

నేను క్షమించమని అడగకముందే ఆమే అంది. "మీరు అడిగిన్రు సిస్టరమ్మా. మేనమామ రాలేదా అని అడిగిన్రు. నేనే జల్ది చెప్పలేకపోయిన."

రెండేళ్లుగా ఆ తప్పును తన మీద వేసుకుని తిరుగుతోందని అప్పుడు తెలిసింది. "తప్పు నీది గాదు బిడ్డా. తలుపు ఏసింది నేను" అన్నాను. ఆమె తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు. చాలాసేపు ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో తలకిందులైంది.

ఆ వారమే సమ్మతి పత్రంలో తల్లికి వేరే గడి కావాలని సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసే పెట్టాను. అచ్చయిన పత్రాలు చాలా ఉన్నాయి, తర్వాత చూద్దామన్నారు. రిటైరయ్యేదాకా ప్రతి పత్రం కింద నా చేత్తోనే ఒక వరుస రాశాను. తల్లి చెప్పినది. కింద ఆమె సంతకం, లేదా వేలిముద్ర. తల్లి చెప్పిన దాన్ని బట్టి ఒక పిల్లాడి ఆపరేషన్ ఆపి పెద్ద పరీక్షకు పంపాం. ఫలితం బాగానే వచ్చింది. పని ఆలస్యమైందని సర్జన్ విసుక్కున్నాడు. విసుక్కోనిచ్చాను.

పోయిన ఏడాది ఇక్కడి ఒక న్యాయ కళాశాలలో పసిపిల్లల సున్తీ మీద చర్చ పెట్టి, అనుభవం ఉన్నదాన్నని నన్నూ పిలిచారు. ఒక వకీలు బిడ్డ శరీరం బిడ్డదేనని, వైద్యానికి అవసరం లేనిది, తిరిగి అతికించలేనిది వాడు పెద్దయి ఒప్పుకునేదాకా ఆగాలని అన్నాడు. కొన్ని దేశాల్లో ఇది కోర్టుల దాకా వెళ్లిందన్నాడు. ఇంకో వకీలు బిడ్డను తన మతంలో పెంచుకునే హక్కు తల్లిదండ్రులదని, తనవాళ్లలో వేరుగా పెరగడం కూడా పిల్లాడికి నష్టమేనని అంది. మన దగ్గర దీని మీద ప్రత్యేకంగా చట్టం లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. మా మనవరాలి చెవులు కుట్టించేటప్పుడు మేం దాన్ని అడిగామా?

నా వంతు వచ్చినప్పుడు అయాన్ సంగతి చెప్పాను, పేరు చెప్పకుండా. విచారణలో నేను రాసిన వాక్యం కూడా చెప్పాను. అందరి ముందూ అది చెప్పడం అదే మొదటిసారి. వెనక వరుసలో ఒక విద్యార్థిని లేచి, మరి నిర్ణయించే హక్కు ఎవరికుండాలంటారని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అది నాకంటే చదువుకున్నవాళ్లు తేల్చాలి.

నాకు తెలిసింది థియేటర్ తలుపు దగ్గరి పని. కాగితం మీద సంతకం ఎవరిదైనా, బిడ్డను మోసినామెను అడగాలి. అడిగితే సరిపోదు, నేనూ అడిగాను. జవాబు పూర్తయ్యేదాకా తలుపు వేయకూడదు.