తాటివనంలో అల్ ఫ్రెస్కో

నిన్న రాయడం మధ్యలోనే ఆపేశాను. నాన్న బండి చప్పుడు వినబడింది. ఇవాళ మొదటి నుంచి చెప్తాను, నిన్నటిది చదవనివాళ్లకు కూడా నేను వెళ్లొచ్చిన దారి పనికొస్తుంది కదా. ఈ ప్రయాణానికి కారణం మా ఇంగ్లీషు టీచర్. క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో మాట ఇచ్చి, అది ఎక్కడ పుట్టిందో, ఏమేం అర్థాలు ఉన్నాయో తెలుసుకోండి, ఒకరోజు ఆ మాట ప్రకారం గడిపి వచ్చి చెప్పండి అన్నారు. నాకు వచ్చింది ‘అల్ ఫ్రెస్కో’. ఆరుబయట, ముఖ్యంగా ఆరుబయట తినడం అని ఇంగ్లీషులో అర్థం. వెతికితే సరదా సంగతులు దొరికాయి. అది ఇటలీ మాట, ‘చల్లదనంలో’ అని. రెండు వందల ఏళ్లకు పైనే అయింది ఇంగ్లీషువాళ్లు దాన్ని తీసుకుని, చెట్ల కింద భోజనానికి పేరు పెట్టుకుని. తడి సున్నం మీద వేసే గోడబొమ్మలను ఫ్రెస్కో అనేది కూడా ఆ మాట నుంచే. ఇటలీలో మాత్రం ఈ రోజుల్లో ఫలానా ఆయన అల్ ఫ్రెస్కోలో ఉన్నాడంటే జైల్లో ఉన్నాడని నవ్వుతారట. బయట తినడానికి వాళ్లు వేరే మాట వాడతారు, ‘తెరిచిన చోట’ అనే అర్థంలో.

అప్పుడు అర్థమైంది, నేను పుట్టి ఇన్నేళ్లయినా ఒక్కసారి కూడా బయట తినలేదు. మాది రాయికల్ వైపు ఒకప్పటి దొరల కుటుంబం. ఇప్పుడు జగిత్యాలలో నాన్నకు ఎరువుల దుకాణం ఉంది. ఊరు వదిలినా పద్ధతులు సామాన్లతోపాటే వచ్చాయి. అన్నాల వేళకు నానమ్మ వీధి తలుపు మూయిస్తుంది, మనం తినేది నలుగురి కళ్లలో పడొద్దని. పెళ్లిళ్లకు వెళ్లినా బఫే దగ్గర నిలబడం, మాకు లోపలి గదిలో వడ్డిస్తారు. నానమ్మ నోట ‘బయట’ అనే మాట వస్తే ఇంకో అర్థం. ఇంట్లో ఒక ఆడపిల్ల నాలుగు రోజులు ఏదీ ముట్టుకోకూడదని. ఇంగ్లీషువాళ్లు బయటను ఇంత ముద్దు చేసుకుంటారని చదివితే నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

బయట తినే మనిషి మా కుటుంబంలో ఒక్కరే ఉన్నారని నాకు తెలుసు. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ. అమ్మ పుట్టింటి పొలంలో తాటిచెట్లు గీసే గౌడ్ల అబ్బాయిని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. అప్పుడు నేను చంటిపిల్లని. అప్పటి నుంచి ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తరు. సిరిసిల్ల అవతల తాటివనంలో వంట చేసి అమ్ముతుందని పెద్దవాళ్ల గుసగుసల్లో విన్నాను. అమ్మ ఫోన్‌లో ‘సిరిసిల్ల టైలర్’ అని ఒక నంబరు ఉంది. మాకు సిరిసిల్లలో టైలర్ ఎవరూ లేరు. నా స్నేహితురాలు స్రవంతి ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి, నేను ఫలానా అన్నాను. అటువైపు గరిటె కింద పెట్టిన చప్పుడు. తర్వాత, “అన్నం తినకుండ రా బిడ్డా” అని ఒక్క మాట. ఇంట్లో మాత్రం కోరుట్లలో స్రవంతి దగ్గర ప్రాజెక్టు అని చెప్పాను. నిజం తెలిస్తే నాన్న నన్ను స్కూలుకు తప్ప గడప దాటనివ్వడు, వచ్చే ఏడాది హైదరాబాద్ కాలేజీ మాట కూడా అక్కడితో సరి.

ఆదివారం పొద్దున్నే జగిత్యాలలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్, కార్డు మరిచిపోకండి. కోరుట్లకు ముప్పావుగంట పడుతుంది. స్రవంతి ఇల్లు బస్టాండుకు దగ్గరే. వాళ్లమ్మ అప్పటికే అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వీధిలో ఇంకా నలుగురైదుగురు అలాగే కూర్చున్నారు. లోపల ఫ్యాన్ ఉంది కదా, ఇక్కడెందుకు ఆంటీ అని అడిగాను.

“ఫ్యాన్ కింద చుడ్తె పొగాకంత నీ టీలనే పడ్తది,” అంది నవ్వుతూ, చేతులు ఆపకుండానే. “లోపల ఘాటుకు పిల్లలు దగ్గుతరు. ఈడైతె ఎల్తురుంటది, ముచ్చట్లుంటయి. మీరు బంగ్లోల్లు, మీకెందుకు గీ అరుగుల బాధ?”

టీ తాగి, జగిత్యాల వెళ్లిపోతున్నానని చెప్పి లేచాను. స్రవంతి బస్టాండు దాకా వచ్చింది. “ఎవరన్న గుర్తు పడ్తె ఏం చేస్తవే?” అంది. తెలీదన్నాను. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడకు బస్సులున్నాయి, రెండు గంటలు వేసుకోండి. కిటికీ పక్క సీటు దొరికితే మంచిది, దారి పొడుగునా వరి పచ్చగా ఉంటుంది, మధ్యమధ్య పసుపు ఉడకబెట్టే వాసన. నేను మాత్రం చున్నీ ముఖానికి కట్టుకుని కూర్చున్నాను. కండక్టరమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

“ఒక్కదానివేనా బిడ్డా? వేములవాడ గుడికా?”

“అవును.”

“గుడికి పోయేదానివి గంత బుగులు పడుకుంట పోతవేంది? దేవుడు కొట్టడు, చున్నీ తియ్యి, గాలాడ్తది.”

తీయలేదు. వేములవాడలో దిగితే సిరిసిల్లకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, అరగంట లోపే. ఊళ్లోకి వస్తుంటే సాంచాల చప్పుడు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, వీధికి రెండు వైపులా టకటకమని. బస్సు ఇంజను చప్పుడు కూడా అందులో కలిసిపోయింది. బస్టాండు బయట ఆటో అతన్ని తాటివనం పేరు చెప్పి అడిగితే నన్ను కిందికీ పైకీ చూశాడు.

“తాటివనానికా? నువ్వా?”

“మా చిన్నమ్మ ఉంటది. వంట చేస్తది.”

“ఓ, దొర్సాని దగ్గరికా! గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా!” అని నవ్వాడు. అక్కడ చిన్నమ్మను అందరూ అలాగే పిలుస్తారట. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమెను ఎవరూ దొరసాని అని ఉండరు, చిన్నపిల్ల కదా. ఆటోకు యాభై రూపాయలు తీసుకున్నాడు, షేర్ ఆటో అయితే ఇరవైతో అయిపోతుంది.

రోడ్డు దిగితే వరుసగా తాటిచెట్లు, కింద చాపలు, రెండు మంచాలు, మూడు రాళ్ల పొయ్యి మీద చేపల పులుసు. సాంచాల పనివాళ్లు పది పన్నెండు మంది కూర్చుని కల్లు తాగుతున్నారు. చిన్నమ్మ గరిటె పట్టుకునే లేచి వచ్చింది. అమ్మ ముఖమే, కాస్త నల్లబడింది. నన్ను పట్టుకోబోయి, చేతులకు మసి ఉందని మోచేతులతో దగ్గరికి తీసుకుంది. “గింత పొడుగెప్పుడైనవే!” అని పదేపదే అంది. చెట్టు మీద మోకు వేసుకుని కల్లు దించుతున్న చిన్నాయన పైనుంచే కేకేశాడు, “ఏం బిడ్డా, మంచిగ అచ్చినవా? ఆగు, దిగుతున్న!” పొద్దున్నే దించి, నీడలో దాచిన నీరా, అంటే ఇంకా పులవని కల్లు, గ్లాసులో పోసి ఇచ్చాడు. తియ్యగా, చల్లగా ఉంది.

అన్నం వేళ అయింది. చిన్నమ్మ నన్ను తడకల పాక పక్కకు తీసుకెళ్లింది. రెండు చెట్ల మధ్య ఒక పాత చీర కట్టి ఉంది. చీర వెనక చాప, నీళ్ల చెంబు, మోదుగాకు విస్తరి. “కూసో బిడ్డా. ఈడెవ్వలు సూడరు,” అంది.

అల్ ఫ్రెస్కో అని ఇంత దూరం వచ్చాను. ఇక్కడ చీరతో తలుపు చేసిపెట్టింది. అవతల నవ్వులు వినబడుతున్నాయి, నాకు మాత్రం చీర మీది వెలిసిపోయిన పూలు కనబడుతున్నాయి.

“చిన్నమ్మా, నేను బయట తింట.”

“వద్దు. గా లుంగి కట్టుకున్నాయన నూలు లోడేస్కొని ఎప్పుడు జగిత్యాలకే పోతడు. దొరల పిల్ల కల్లుమండువల కూసోని తిన్నదని మాట పోయిందనుకో, నీకు బయటికి దారుంటదా? నా లెక్క గావద్దు.”

చిన్నాయన చేతులు కడుక్కుంటూ అందుకున్నాడు. “నువ్వొస్తున్నవని కట్టిందనుకుంటున్నవా? ఆ చీర ఎప్పుడు ఆడనే ఉంటది. ఊరందరికి బయట ఆకులేస్తది, తన ఆకు మాత్రం గా చీరెనుకనే. అందుకే గాదా అందరు దొర్సాని అనేది!”

నేను చిన్నమ్మ వంక చూశాను. ఆమె సిగ్గుపడింది. “మింగుడు పడదే నలుగురి ముంగట. ఎన్నిసార్లో తిని సూసిన,” అంది. అన్నీ వదిలి వచ్చిన మనిషి, నానమ్మ మూయించే తలుపును మాత్రం వెంట తెచ్చుకుంది.

నాకు భయం పోయిందని రాస్తే అబద్ధం. అయినా విస్తరి రెండు చేతులతో పట్టుకుని చీర పక్కకు నెట్టి బయటికి వచ్చి, పొయ్యి పక్కన చాప మీద కూర్చున్నాను. అందరూ చూశారు. లుంగీ ఆయన కూడా చూశాడు. మొదటి ముద్ద నిజంగానే గొంతు దిగలేదు, చిన్నమ్మ చెప్పినట్టే. రెండోది దిగింది. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. చిన్నమ్మ తన విస్తరి పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, నాకు ఆనుకుని కూర్చుంది.

ఒక ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. “ఓ దొర్సానీ! ఇన్నేండ్లకు నీ నోట్లె మెతుకు సూసినం!”

“సూడు, కండ్ల నిండ సూడు. దిష్టి తియ్యనీకి ఉప్పు నువ్వే కొనియ్యి మల్ల!” అని నోట్లో ముద్దతోనే జవాబిచ్చింది. అందరూ గొల్లున నవ్వారు. పులుసులో కారం ఎక్కువో ఏమో, ఆమె కళ్లు తుడుచుకుంటూనే తింది.

తర్వాత నా ప్రాజెక్టు గురించి అడిగితే అందరికీ చెప్పాను, చల్లదనం గురించి, గోడబొమ్మల గురించి, ఇటలీ జైలు గురించి. “జైలంటే మా సాంచాల షెడ్డే, ఈడికొస్తె చెవులన్న చల్లగుంటయి,” అన్నాడు ముసలాయన. టీచర్‌కు ఇది తప్పకుండా చెప్పాలనుకున్నాను. తాటివనం పేరు ఎత్తకుండా ఎలా చెప్పాలో ఇంకా తోచలేదు.

మూడు గంటలకు చిన్నమ్మ బస్టాండు దాకా వచ్చింది. రోజంతా అన్నీ అడిగింది. మా ఇంటి తలుపుల రంగు, నానమ్మ మోకాళ్ల నొప్పి, నేను ఏం చదవాలనుకుంటున్నానో. అమ్మ గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. బస్సు వచ్చాక నా చెయ్యి పట్టుకుని వేళ్లు చూస్తూ, “నీ ఏళ్లు గూడ మా అక్కయే” అంది. అంతే, చెయ్యి వదిలేసింది. వేములవాడలో జగిత్యాల బస్సెక్కి, చీకటి పడకముందే ఇంట్లో ఉన్నాను. అమ్మ నా చున్నీ ఉతకడానికి తీసుకుంది. కట్టెల పొగ వాసన నాకే తెలుస్తోంది. అమ్మ దాన్ని బకెట్లో వేయకుండా కాసేపు చేతిలోనే పట్టుకుంది.

అది నిన్నటి సంగతి. ఇవాళ ఆలోచిస్తే, బయట ఉండటమంటే గోడలు దాటడం ఒక్కటే కాదనిపిస్తోంది. స్రవంతి వాళ్లమ్మకు అది పని చేసే చోటు, సాంచాల వాళ్లకు చెవులకు విశ్రాంతి. చిన్నమ్మ ఎన్నో ఏళ్లుగా చెట్ల కిందే బతుకుతూ, నిన్న మధ్యాహ్నమే బయటికి వచ్చింది. ఆమె పక్కన కూర్చుని తిన్నది నేనే అని నాకు చాలా సంతోషంగా ఉంది, ఎవరికీ చెప్పలేకపోయినా. మీరు ఈ దారిలో వెళ్లేటట్టయితే ఒక్క సలహా. తాటివనానికి పొద్దున్నే చేరండి, ఎండ ముదిరితే నీరా పులిసిపోతుంది. ఇంకా తిరుగు బస్సు

తలుపు కొడుతున్నారు. నాన్నయితే పేరు పెట్టి పిలిచేవాడు. ఇది మెల్లగా, గోటితో కొట్టినట్టు ఉంది.

“బిడ్డా.” అమ్మ. తర్వాత తలుపుకు నోరు ఆనించినట్టు, గుసగుసగా, “చెల్లె నన్నడిగిందా?”

కాగితాలు పరుపు కింద పెడుతున్నాను, తలుపు తీయాలి.