గెడ ఇంటివాడి వల పరీక్ష

ఇది గోదావరి ఒడ్డున తరతరాలుగా సాగిన రెండు ఇళ్ల కథ. ఒట్టు ఉంది, నది ఉంది, వెనక అడవి ఉంది. ఇతిహాసానికి ఇంతకంటే సరుకు అక్కర్లేదు. కానీ నిజం చెప్పాలి: ఇది మత్స్యకార సంఘంలో సభ్యత్వం కోసం జరిగిన ఒక పరీక్ష సంగతి, అంతే.

ఎనభైల మొదట్లో, ఒక వేసవిలో నన్ను మత్స్యశాఖ ఫీల్డ్‌మన్‌గా పాల్వంచకు వేశారు. ఫీల్డ్‌మన్ అంటే ఇన్‌స్పెక్టర్ గారి వెనక గొడుగు పట్టుకుని నడిచేవాడు. గొడుగు ఆయనకి, ఎండ మనకి. భద్రాచలం దిగువన ఒక రేవు ఊళ్లో నైపుణ్య పరీక్ష పెట్టాలి. సంఘంలో చేరాలంటే ఈత రావాలి. పడవలో నిలబడి విసురు వలను గుండ్రంగా విచ్చుకునేలా విసరాలి. పడవ కదలకుండా ఇంకొకరు గెడ, అంటే పొడవాటి వెదురు కర్ర, ఏటి అడుక్కి వేసి ఆపుతారు. మూడు అవకాశాలు.

చేరతానన్నది నర్సయ్య, రేవు పడవ నడిపేవాడు. అవతలి ఒడ్డుకు బస్సు రోడ్డు పడ్డాక రేవుకు జనం రావడం మానేశారు. సంఘంలో చేరితే చేపల మీద బతకొచ్చు. లేదంటే ఊరు విడిచి కూలికి పోవాలి. చిక్కల్లా ఒకటే: ఆయన ఇంట్లో ఎవరూ వల ముట్టరు.

దానికో పాత చరిత్ర చెప్పారు. ఊరు పుట్టిన కొత్తలో అన్నదమ్ములిద్దరికి ఒకటే పడవ. జనాన్ని దాటిస్తూనే చేపలు పట్టేవారు. ఒకసారి నడి ఏట్లో పెద్ద చేప పడితే, పెళ్లివారంతా చూద్దామని ఒకే పక్కకు ఒరిగారు. ప్రాణాలకేం కాలేదు. పెళ్లికూతురి పెట్టె మాత్రం ధవళేశ్వరం దారి పట్టింది. ఆనాడే పంచుకున్నారు: అన్న ఇంటికి వల, తమ్ముడి ఇంటికి గెడ. ఒకే చెయ్యి రెండూ పట్టకూడదని ఒట్టు. వల ఇంటివాళ్లకు రేవు దాటడం ఊరికే. పొద్దున పడ్డ మొదటి చేప గెడ ఇంటిది.

వల ఇంటి పెద్ద ఎంకమ్మ, నర్సయ్యకు వరసకు వదిన. ఆమె కాదంటే సంఘమూ కాదంటుంది. పరీక్ష రోజు పొద్దున్నే ఆమె చనిపోయిన భర్త వలను భుజాన వేసుకుని రేవుకొచ్చింది. ఒడ్డున ఊరంతా చేరింది.

"ఏంది మరిదీ, ఒట్టు తప్పుతవా?"

"ఏం జెయ్యాలె వదినా? రేవు సచ్చిపాయె. గెడను కూరొండుకోలేం గద."

"రెండూ ఒక్క చేతుల ఉండొద్దన్నరు. మార్సుకోవద్దని ఎవలన్నరు? వల నువ్వు పట్టు, గెడ నేను పడ్త."

"నీకు గెడ యాడొస్తది?"

"నీకు వల యాడొస్తది? ఎక్కు జల్దీ."

ఇద్దరూ అన్నది నిజమేనని తేలింది. ఎంకమ్మ గెడ వేస్తే పడవ గానుగెద్దులా తిరిగింది. నర్సయ్య విసిరిన వల ముద్దగా పడింది. రెండోసారి వలతోపాటు ఆయనా పడ్డాడు. ఈత పరీక్ష అయిపోయిందని ఇన్‌స్పెక్టర్ గారికి మనవి చేశాను.

"సేపలను పట్టమంటిమి మరిదీ, పలకరించి రమ్మనలే," అంది ఎంకమ్మ.

ఒడ్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. గెడను రొమ్ముకు ఆనించి, బలమంతా వేసి పడవను ఆపింది. మూడోసారి వల విచ్చుకుంది. అంచు నలిగిన అప్పడంలా, అయినా గుండ్రంగానే. ఇన్‌స్పెక్టర్ గారు తలూపారు.

లాగితే ఒక్క చేప. నర్సయ్య దాన్ని తీసి, ఆలోచించకుండా, గెడ పట్టిన చేతిలో పెట్టాడు. మొదటి చేప కదా.

ఎంకమ్మ దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్నేండ్లు ఇచ్చుడే గనీ, తీస్కునుడు ఎట్లుంటదో ఎరుకలే," అంది.

నేను నేర్చుకున్నది ఇది: వల విసిరేవాడికి మార్కులేసే ముందు గెడ ఎవరు పట్టారో చూడాలి. తర్వాత ఉద్యోగమంతా అలాగే చూశాను.

ఆ చేప చిన్న పరిగె. పులుసుకు చాలదు. ఆ పూట రెండిళ్లలోనూ పప్పే వండారు.