కోళ్లు కాపురమున్న ల్యాండ్ రోవర్

మెర్విన్ స్కారట్‌కు డెబ్బై ఏళ్లు వచ్చినా కాలు ఒకచోట నిలిచేది కాదు. కౌన్సిలు రోడ్ల మీద ముప్పై ఆరేళ్లు నేల చదునుచేసే గ్రేడరు నడిపి రిటైరయ్యాక ఆ తిరుగుడంతా పాత ల్యాండ్ రోవర్ల మీదికి మళ్లింది. కూమా అనే ఊరికి దక్షిణాన, గడ్డి మిట్టల మధ్య ఆయన షెడ్డులో తొమ్మిది బళ్లుండేవి. ఒకటి బాగుపడి, రంగు వేసుకుని నిగనిగలాడిందో లేదో ఆయన మనసు ఇంకో బండి మీదికి పోయేది. మళ్లీ పత్రికల్లో ప్రకటనలు వెతకడం, మళ్లీ ట్రైలరు తగిలించుకుని నాలుగు వందల కిలోమీటర్లు పోవడం. షెడ్డు గోడల నిండా ఇత్తడి పలకలు, రేకు బోర్డులు, డీలర్లు పంచిన పాత క్యాలెండర్లు.

"నన్ను కూడా ఓ మేకుకి తగిలించు. రోజుకోసారైనా చూస్తావు" అనేది భార్య డల్సీ.

ఎంత తిరిగినా ఆయనకు దొరకని బండి ఒక్కటే, అదీ ఐదు కిలోమీటర్ల దూరంలోనే. యాడ్విగా అనే ఎనభై ఆరేళ్ల పోలండు ముసలావిడ పెరట్లో ఉంది. ఆమె భర్త కొండల్లో ఆనకట్టలు కట్టిన రోజుల్లో సర్వేయరు. ఆయన పోయాక ఆ పంతొమ్మిది వందల యాభై మూడు నాటి బండిలో కోళ్లు కాపురం పెట్టాయి. తలుపు మీద ప్రాజెక్టు నంబరు మాత్రం ఇంకా చెరగలేదు. పదకొండేళ్లుగా మెర్విన్ అడుగుతూనే ఉన్నాడు.

"పెద్దమ్మా, ఇంజను తుప్పు పట్టిపోతోంది. నా మాట విను."

"కోళ్లకి ఇంజనెందుకురా? గుడ్లు కావాలంటే పట్టుకుపో. బండి ఊసెత్తకు."

ప్రతిసారీ డజను గుడ్లతో తిరిగొచ్చేవాడు.

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ జనవరిలో ఓ శనివారం మధ్యాహ్నం వాయవ్యం నుంచి వేడిగాలి లేచింది. ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. కార్చిచ్చు వస్తోంది, ఇళ్లు ఖాళీ చెయ్యమని ఫోన్లు మోగాయి. డల్సీ కాగితాలనూ కుక్కనూ పికప్‌లో పడేసుకుంది. మెర్విన్ మాత్రం షెడ్డులో ఒక బండి స్టార్టు చేసి, దిగి, ఇంకోదాని దగ్గరికి పరిగెత్తుతున్నాడు. ఒకేసారి నాలుగు ఇంజన్లు మోగుతున్నాయి.

"ఎన్ని చేతులున్నాయయ్యా నీకు? ఏదో ఒకటి ఎక్కు!" అని డల్సీ అరిచింది.

"ఏదో తేలడం లేదే!" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే చప్పున గుర్తొచ్చింది: "యాడ్విగాని తీసుకొచ్చేవాళ్లెవరూ లేరు! నువ్వు పద."

గుమ్మానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎక్కి పోయాడు. యాడ్విగా చేతిసంచి భుజానికి తగిలించుకుని, పెరట్లో కోళ్లను గోనెసంచిలో కుక్కుతోంది.

"వచ్చావా! ఇక తీసుకుపో దాన్ని. తాడేసి లాక్కుపో. అడిగీ అడిగీ చంపావుగా!"

తాడు మెర్విన్ బండి వెనకాలే ఉంది. కోళ్ల బండికి నాలుగు టైర్లలోనూ గాలి లేదు. పంపు కొట్టాలంటే పావుగంట పడుతుంది. మిట్ట అవతల పొగ నల్లగా లేచింది. మెర్విన్ ఆ తలుపు మీద ఒక్కసారి చెయ్యి వేసి తీసేశాడు.

"ఎక్కు పెద్దమ్మా."

"కోళ్లో?"

"దొరికినవి దొరికాయి. ఎక్కు!"

పొగలో దారి కనబడక కంచె వెంబడే బండి నడిపాడు. ఆమె ఒళ్లోని సంచిలో ఏడు కోళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి.

మూడో రోజున వెనక్కి రానిచ్చారు. మెర్విన్ ఇల్లు నిలిచింది; షెడ్డు, అందులో మిగిలిన ఎనిమిది బళ్లూ పోయాయి. వాటి అల్యూమినియం ఒళ్లు కరిగి, వెండిరంగు కాలవలై నేల మీద గడ్డకట్టాయి. యాడ్విగా ఇంటికి వరండా మాత్రమే కాలింది. పెరట్లో బండి చెక్కు చెదరలేదు. ఏళ్ల తరబడి కోళ్లు కెలికిన నేల మీద నిప్పుకు అందడానికి గడ్డిపరకైనా లేదు.

"ఇక నీదే. పట్టుకుపో" అందామె.

"నాకొద్దు" అన్నాడు మెర్విన్.

నిజంగానే వద్దనిపించింది. ప్రకటనలు చూడబుద్ధి కాలేదు, అలాగని కూర్చోబుద్ధీ కాలేదు. ఇంటికీ బూడిదకూ మధ్య రోజుకు ఇరవైసార్లు తిరిగేవాడు. నెల రోజులు చూసి డల్సీ అంది: "నిన్ను చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి. పోయి ఆ ముసలమ్మ వరండా అయినా బాగుచెయ్యి."

పోయాడు. వరండా అయ్యాక కోళ్లకు గూడు కట్టాడు. కోళ్లు గూటికి మారాక, ఊరికే చూద్దామని బానెట్ ఎత్తాడు. ఆ చూడ్డం శీతాకాలం దాకా సాగింది. జూలైలో ఓ ఉదయం, పెరట్లోనే, ఇంజను దగ్గి, తుమ్మి, అందుకుంది.

యాడ్విగా చేతికర్ర పక్కన పడేసి వచ్చింది. "జరుగు."

"నీకు నడపడం వచ్చా?"

"మా ఆయన సర్వేయరురా. మంచులో, బురదలో ఆయన్ని తిప్పిందెవరనుకున్నావు? ఆయనకి గేరు మార్చడమే రాదు."

పదకొండేళ్లలో ఆ బండి ఎవరు నడిపారో తాను అడగనే లేదని మెర్విన్‌కు అప్పుడు తట్టింది. సిగ్గుపడి పక్క సీటులోకి జరిగాడు. ఆమె పొలం చుట్టూ మూడుసార్లు తిప్పి, నాలుగోసారి గేటువైపు మళ్లించింది.

"రోడ్డెక్కకు పెద్దమ్మా, నీకు లైసెన్సు లేదు!"

"నీకుందిగా. నోరు మూసుకుని కూర్చో."

బండి ఇప్పటికీ యాడ్విగాదే. గురువారాల్లో ఇద్దరూ పాత సర్వే దారులు వెతుక్కుంటూ కొండెక్కుతారు. రోడ్డు మీద ఆయన, మట్టిదారి రాగానే ఆమె. తన వంతు కాని వేళ మెర్విన్ మోకాలు ఆడిస్తూనే ఉంటాడు.