హోల్గర్ గడ్డం పెంచిన వేసవి

మా హోల్గర్‌కి ఒకటే జబ్బు. కంటబడిన ప్రతి వస్తువునీ మూడు ప్రశ్నలు అడక్కుండా వదిలేవాడు కాదు. ఇందులో ఏముంది? ఇది ఎవరి ఒంట్లోకి ఎలా పోతుంది? దీనికి బదులు ఒంటికి ఇంకాస్త మెత్తనిది దొరకదా? జిగురు డబ్బాని అడిగితే సరే, అది అతని పని. పుట్టినరోజు కేకుని పట్టుకుని కూడా అడిగితే ఎట్లా చెప్పండి!

స్కీవె ఊళ్ళో మా కుర్చీల ఫ్యాక్టరీ నడిచిన రోజులవి. ఇప్పుడక్కడ వ్యాయామశాల పెట్టారు. అద్దాల్లోంచి చూస్తే జనం చెమటలు కక్కుతూ ఉన్నచోటే పరిగెడుతుంటారు. మేం చెమట కారిస్తే కనీసం కుర్చీ అయినా తయారయ్యేది. కార్మికుల భద్రత చూడ్డానికి మాలోంచే ఒకణ్ణి ఎన్నుకోవాలని రూలు. మా దగ్గర ఎన్నిక అంటే, మీటింగులో లేనివాణ్ణి ఎన్నుకోవడమే. హోల్గర్ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి చప్పట్లు కొట్టాం. అదో ఉత్తుత్తి పదవని మాకందరికీ తెలుసు. తెలియనివాడు హోల్గర్ ఒక్కడే, ఖర్మ.

శుక్రవారం పొద్దున్నే వేడి బన్నులూ, జున్నూ, ఒక గుక్క చేదు సారాయీ మా ఆచారం. జిగురు బల్లల మీదే పరుచుకుని తినేవాళ్ళం. హోల్గర్ వచ్చి నా బన్ను చేతిలోంచి లాగేసుకున్నాడు.

"రిగ్మోర్, ఇందులో ఏముంది?"

"వెన్న."

"వెన్న కింద?"

"బన్ను."

"బన్ను కింద?"

"నా చెయ్యి! కనబడట్లా?"

"చెయ్యి మీద జిగురుంది. అది నీ ఒంట్లోకి ఎలా పోతుందో నీకే తెలియాలి మరి."

అంతే, మరుసటి వారం నుంచీ మా ఫలహారం ఆవరణ అవతలి పాత సామాన్ల గదికి మారింది. మంచులో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళేవాళ్ళం, దారంతా హోల్గర్‌ని తిట్టుకుంటూ. కడుపు నిండా తిని, మళ్ళీ తిట్టుకుంటూ వచ్చేవాళ్ళం.

క్రిస్మస్ విందులో అయితే మరీ అన్యాయం. మా ఆయన విగ్గో అతనికి సారా గ్లాసు అందించాడు. హోల్గర్ దాన్ని ముక్కుకి దూరంగా పట్టుకుని, చేత్తో ఆవిరిని ఇటు విసురుకుంటూ వాసన చూశాడు.

"దీనికి బదులు మెత్తనిది లేదా, విగ్గో?"

"ఉందయ్యా, పాలున్నాయి. ఉయ్యాల కూడా తెప్పించమంటావా?"

విందంతా గొల్లున నవ్వింది. హోల్గర్ కూడా నవ్వాడు. నవ్వి, నిజంగానే పాలు తాగాడు!

విగ్గో సంగతి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో కుర్చీలకి వార్నిష్ కొట్టేది అతనే. అతను కొట్టిన కుర్చీలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ పనిమీద ఎంత మక్కువో, తన గడ్డం మీదా అంతే. రొమ్ముదాకా దిగిన రాగిరంగు గడ్డం. దాని వెనక ఒక కథ ఉంది, అది నాకొక్కదానికే తెలుసు. చిన్నప్పుడు పక్క పొలంలో గొలుసు తెంచుకున్న కుక్క దవడ కొరికేసింది. కుట్లు వంకరగా పడ్డాయి. బళ్ళో పిల్లలు "కుక్క తినగా మిగిలినోడా" అని పిలిచేవాళ్ళట. గడ్డం వచ్చిన రోజు నుంచీ మళ్ళీ కత్తి ముట్టలేదు.

ఆ ఏడు ఫ్యాక్టరీకి కొత్త వార్నిష్ వచ్చింది. రెండు డబ్బాలు కలిపి కొట్టాలి. రాయిలా గట్టిపడుతుంది, అద్దంలా మెరుస్తుంది. దాని ఆవిరికి విగ్గోకి దగ్గు మొదలైంది. రాత్రిపూట ఈలలాంటి ఊపిరి. హోల్గర్ డబ్బాల ముందు గొంతుక్కూచుని తన మూడు ప్రశ్నలూ వేశాడు. మూడోదానికి జవాబు లేదు. అంత గట్టిపడే వార్నిష్‌కి బదులు మెత్తనిది ఆ రోజుల్లో దొరకలేదు. ఇక మిగిలింది మాస్కే.

మాస్క్ ముఖానికి సరిగ్గా అంటుకుందో లేదో చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. అది తొడిగి, చుట్టూ తియ్యటి నీళ్ళ తుంపర కొడతారు. తీపి తెలిస్తే మాస్క్ దండగ.

"తెలుస్తోందా?" అన్నాడు హోల్గర్.

"బ్రహ్మాండంగా. ఇంకొంచెం కొట్టు, కాఫీ తాగుతా," అన్నాడు విగ్గో.

"నవ్వకు. గడ్డం సందుల్లోంచి ఈ తీపొస్తే ఆ వార్నిష్ ఆవిరీ వస్తుంది. ఇలాగే పోతే నీ ఊపిరితిత్తులు మిగలవు."

యజమాని ఫాల్క్ గారు తల ఊపారు. "ముందు గాజూ, వెనక గాలిగొట్టమూ పెట్టిన టోపీలుంటాయట, గడ్డమున్నా పర్లేదట. వాటి ధర విన్నావా? బ్లేడు చవక. వేసవి సెలవుల తర్వాత గీసుకుని రా విగ్గో, లేదంటే చీపురు పట్టుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ హోల్గర్ మీద విరుచుకుపడ్డాను. "నీ నోరు పడిపోను! చక్కగా పనిచేసుకునేవాడి కడుపు కొట్టావ్. నీకు పోయేకాలం వచ్చిందా?"

హోల్గర్ కంగారుపడి విగ్గో వైపు తిరిగాడు. "అసలు ఆ గడ్డంలో ఏముందయ్యా?"

విగ్గో చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయింది. ముఖం పాలిపోయింది. చూపు నేలకి దించేశాడు. హోల్గర్ ఆ చేతిని చూశాడు. రెండో ప్రశ్న రాలేదు. నేను అతన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో అది ఎన్నడూ లేదు.

"విగ్గో చీపురు పడితే నువ్వే కొట్టాలయ్యా వార్నిష్, మాస్కుల పండితుడివి కదా!" అని ఫాల్క్ గారు ఎద్దేవా చేశారు.

"అలాగేనండీ," అన్నాడు హోల్గర్.

జులైలో ఊళ్ళో ఫ్యాక్టరీలన్నీ మూసి అందరం సెలవులకి పోయేవాళ్ళం. మేం పోయాం గానీ, ఏం సెలవులు! విగ్గో సముద్రం ముందు కూచుని దగ్గేవాడు. ఒకరోజు కత్తి కొనుక్కొచ్చాడు. అద్దం ముందు నిలబడ్డాడు, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. "చీపురే పడతాను రిగ్మోర్," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

సెలవులైపోయి పనిలోకి వెళ్తే, గేటు దగ్గర ఫాల్క్ గారు కొయ్యబారి నిలబడి ఉన్నారు. ఎదురుగా హోల్గర్. చెంపల మీద అక్కడో కుచ్చు, ఇక్కడో కుచ్చు. మేకలు మేసి వదిలేసిన గట్టులా ఉంది గడ్డం!

"ఏంటయ్యా ఈ అవతారం?"

"మా వంశంలో మగాళ్ళకి గడ్డం ఆచారమండీ."

"సెలవులకి ముందు లేదే ఆచారం?"

"సెలవుల్లో తీరిగ్గా ఆలోచిస్తే గుర్తొచ్చింది."

ఫ్యాక్టరీ అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అతను మాత్రం చలించలేదు. తన మాస్క్ తనే తొడుక్కుని, తియ్యనీళ్ళు కొట్టించుకుని, "అబ్బే, చాలా తియ్యగా ఉంది, నేను వార్నిష్ గదిలోకి పోకూడదు," అని తేల్చేశాడు. భద్రత ప్రతినిధిని పీకెయ్యడానికి యూనియన్ ఒప్పుకోదు. విగ్గో చేతిలో చీపురు, అటు వార్నిష్ లేని కుర్చీలు కప్పుదాకా పేరుకుపోతున్నాయి. పిల్లలు వీధిలో హోల్గర్ వెంటపడి మేకలా అరుస్తున్నారు. చివరికి ఫాల్క్ గారు పళ్ళు పటపటలాడిస్తూ గాలిగొట్టం టోపీకి ఆర్డరు పెట్టారు.

టోపీ వచ్చింది. ఆ మర్నాడే హోల్గర్ నున్నటి చెంపలతో దిగాడు.

"ఒరేయ్! నీ వంశాచారం ఏమైందిరా!" అని ఫాల్క్ గారు కేక పెట్టారు.

"మా ఆవిడ ఒప్పుకోలేదండీ. గుచ్చుకుంటోంది, దీనికి బదులు మెత్తనిది లేదా అని అడిగింది. నేనేమంటాను?" అని, టోపీ తీసి విగ్గో చేతిలో పెట్టాడు. "కొన్నాక పారేస్తామా? ఇది నీకు సరిపోతుందేమో చూడు."

విగ్గో తొడుక్కున్నాడు. గాజు వెనక రాగిరంగు గడ్డం దర్జాగా పరుచుకుంది. తియ్యనీళ్ళు కొట్టారు.

"తెలుస్తోందా?"

"ఏమీ తెలియట్లేదు," అన్నాడు విగ్గో.

నాకింక ఆగలేదు. గబగబా వెళ్ళి అందరి ముందూ హోల్గర్ చెంప మీద ముద్దు పెట్టాను. వాళ్ళావిడ కోరిక తీరినట్టే, చాలా మెత్తగా ఉంది.