తెరమీద తెల్ల చుక్కలు

స్నానం చేస్తుండగా కుడి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. వారం తర్వాత బాన్సువాడలో స్కానింగుకు వెళ్లాను. నా ఆడబిడ్డ వెంట వచ్చింది.

కోటగిరి దగ్గర మా పుట్టింటి గడి, ఒకప్పటి దొరల కోట, ఇప్పుడు మొండిగోడలు. కాలువ కింది మడులు ఎవరెవరివో అయ్యాయి. అయినా గడి ఆడవాళ్లు మెడకూ చంకలకూ పౌడరు అద్దుకోకుండా గడప దాటరు. మా నాయనమ్మ పెట్టిన పద్ధతి అది. పరీక్షకు వచ్చేటప్పుడు పౌడరు పూసుకోవద్దని సెంటరు నుంచి ముందే ఫోన్ చేశారు. స్నానం చెయ్యకుండా పౌడరు పూసుకొచ్చే వాళ్లకు చెప్పే మాట అనుకున్నాను.

మిషన్ రెండు పలకల మధ్య రొమ్మును అదిమింది. నొప్పి పుట్టింది. బొమ్మ వెంటనే కంప్యూటర్ తెరమీదికి వచ్చింది. ఫోటోలు తీసే అమ్మాయి అది చూసి డాక్టరమ్మను పిలిచింది. ఆమె బొమ్మను పెద్దది చేసింది. గడ్డ గుండ్రంగా కనబడుతోంది. చంక వైపు ఉప్పురవ్వల్లా తెల్ల చుక్కలు. అవేమిటని అడిగాను. కొన్నిసార్లు క్యాన్సర్ మొదట అట్లాగే కనబడుతుందని దాచకుండా చెప్పి, నా వైపు తిరిగింది.

"చంకల ఏమన్న పూసుకున్నరా అమ్మా?"

"పౌడరు."

పరదా అవతలి నుంచి ఆడబిడ్డ గొంతు వినబడింది. "దవాఖానకు పోతున్నమా, పెండ్లికి పోతున్నమా అని పొద్దుగాలనే అడిగిన గద వదినా."

తడిబట్టతో తుడుచుకున్నాను. ఆ అమ్మాయి మళ్లీ అదిమి, మళ్లీ తీసింది. ఈసారి చుక్కలు లేవు. గడ్డ మాత్రం అక్కడే ఉంది.

దాని సంగతి తేల్చడానికి పక్క గదిలో జెల్ రాసి ఇంకో స్కాన్ చేశారు. తెరమీద గడ్డ లోపలంతా నల్లగా, ఖాళీగా ఉంది. డాక్టరమ్మ దాన్ని చూస్తూనే సన్నటి సూది గుచ్చింది. సిరంజిలోకి పసుపురంగు నీళ్లు వచ్చాయి.

"నీళ్ల తిత్తి అమ్మా. చెడ్డది కాదు. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

నేను తల ఊపాను.

బయట ఆడబిడ్డ ఆటో కిరాయి బేరమాడుతోంది. రోడ్డు మీద జనం ఉన్నారు. అయినా కొంగు కిందికి చేయి పోనిచ్చి, గడ్డ ఉన్నచోట వేళ్లతో వెతికాను. ఏమీ తగల్లేదు. మరోసారి వెతికి, ఆటో ఎక్కాను.